పెన్సిల్‌తో నింపిన దవడ

నాంపల్లి,
14 జూలై 1974

సుగుణా,

నేను ఒకటనుకుంటే మా ఇంట్లో ఇంకొకటి అర్థం చేసుకుంటారు. మాట్లాడకపోతే పొగరు, మాట్లాడితే నోరు, అన్నం తగ్గిస్తే ప్రేమ. ఈ మూడో నేరం మీద నిన్న మా ఇంట్లో విచారణ జరిగింది.

రుమాలు ఉతకడానికని అమ్మ నా చేతిసంచీ తెరిచిందట. అందులో రెండు ఫోటోలు కనిపించాయి. రెండింటిలోనూ ఒకే మగమనిషి. నేను అబిడ్స్ నుంచి ఇంటికి వచ్చేసరికి అవి పీట మీద ఉన్నాయి, చుట్టూ అమ్మా, బుజ్జమ్మ పిన్నీ, తమ్ముడూ కూర్చుని ఉన్నారు. పిన్ని కళ్లజోడు సవరించుకుని, "కులం మాట తర్వాత చూద్దాం గానీ అక్కా, వీడికి కింది దవడేదీ?" అంది. నాన్నగారు సచివాలయం నుంచి వచ్చి, అంతా విని, గోడమీద క్యాలెండరుతో చెప్పారు, "స్టూడియో పని మానేస్తే మంచిదేమో ఆలోచించుకోమను" అని. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను.

ఆ మనిషి పేరు మల్లయ్య. ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం బస్తాలు తూకం వేస్తాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. బస్తాల దొంతర కూలి అతని మీద పడి కింది దవడ ముందుభాగం నుజ్జయింది. పళ్లతోపాటు వాటిని పట్టుకునే ఎముకా పోయింది. రామచంద్రమూర్తి గారని ఒక దంతవైద్యుడు, సొంత నర్సింగ్ హోం ఉంది, అతనికి తుంటి దగ్గర నుంచి ఎముక ముక్క కోసి దవడలో కూర్చారు. అది అతుక్కున్నాక చిగురు కింద లోహపు చట్రం అమర్చి, పైకి వచ్చిన నాలుగు మేకుల మీద పళ్ల వరస బిగించారు. దవడ ఎలా నిలబడిందో చూడటానికి మూడు నెలలకోసారి మా స్టూడియోలో ఫోటో తీయిస్తున్నారు. మల్లయ్య కుర్చీలో సర్దుకుంటూ, "తుంటి బొక్క నోట్లెకొచ్చింది బిడ్డా, ఇగ నేను కూసున్నా నమిలినట్టె" అంటాడు.

ఇదంతా చెప్పాను. అమ్మ నమ్మలేదు. "పరాయి మగవాడి దవడ నీ సంచీలో ఎందుకుందే?" అని అడిగింది. పని మిగిలిపోతే ఇంటికి తెచ్చానన్నాను. నీకూ అదే చెబుతున్నాను.

పని బాగానే ఉంది. రోజంతా నెగెటివ్‌ల మీద పెన్సిల్ పెట్టి మొటిమలూ ముడతలూ దిద్దుతాను. బి.ఎస్సీ. చదివింది ఇందుకా అని నాన్నగారి బాధ. మీ బడి పిల్లలెలా ఉన్నారు? చర్చిలో మళ్లీ పాడుతున్నావా?

నీ
కమల

*

మెదక్,
2 ఆగస్టు 1974

కమలా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి నవ్వాను. నవ్వానంటే నీకు తెలుసుగా, రుమాలు అడ్డం పెట్టుకునే. మీ పిన్నిగారి ప్రశ్న మా హెడ్మిస్ట్రెస్ మాబెల్ గారికి కూడా చెప్పాను. ఆవిడకు టీ పొలమారింది.

పాడటం లేదు. కింది కట్టుడు పళ్లు నిలవడం లేదు. సెకండియర్‌లో దవడలో పెరిగిన ఆ తిత్తితోపాటు ఎముక కూడా తీసేశాక అక్కడ పళ్లకు ఆనుకునే చోటు లేదు. 'ప' అనబోతే పైకి లేస్తాయి, 'మ' అంటే పక్కకు జరుగుతాయి. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం చెంచాతోపాటు పళ్లన్నీ బయటికి వచ్చిన రోజు నువ్వు నా ముందు నిలబడి కొంగు తెరలా పట్టావు. మెదక్‌లో అంత పొడుగు కొంగున్న వాళ్లెవరూ దొరకలేదు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నా మూడో తరగతి పిల్లలు పాఠం పైకి చదవమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదువుతున్నారు. ముప్పై నాలుగు మందీ. మొదట వెక్కిరిస్తున్నారనుకున్నాను. ఒక పిల్లను పిలిచి అడిగితే, "చదివేటప్పుడు గట్లనే పెట్టుకోవాలె గద టీచర్" అంది. పాపం, నన్ను చూసి నేర్చుకుంది. ఆ రోజు ఇంటికెళ్లి అద్దం గోడ వైపు తిప్పాను.

ఇక అసలు విషయం. మా మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరికి హైదరాబాదు నుంచి నాలుగు ఫోటోలు వచ్చాయి. ఎముక పెట్టి దవడ కట్టారట, కేసులుంటే పంపమన్నారట. నన్ను పిలిచి చూపించారు. మొదటి దాంట్లో మూతి గుంట పడి ఉంది. రెండో దాంట్లో నిండింది. మూడు, నాలుగు చూస్తే ఆ మనిషికి ఏమీ జరగలేదనే అనుకుంటాం. వెనక్కి తిప్పితే మీ స్టూడియో ముద్ర ఉంది. నీ ఉత్తరంలోని మల్లయ్యే కదా. నీ చేతి మీదుగా వచ్చిన ముఖం నా చేతిలో ఉంది.

నేను చేయించుకుంటాను. నాన్నగారు ప్రార్థన చేసి సరేనన్నారు. దసరా సెలవులకు ముందు నుంచి ఆరు నెలలు సెలవు పెడుతున్నాను. మళ్లీ తీసుకుంటారో లేదో మాబెల్ గారు మాట ఇవ్వలేదు. అయినా సరే.

ఒక్కటి చెప్పు. నువ్వు అతన్ని కళ్లతో చూశావు. నిజంగా అంత బాగుందా?

నీ
సుగుణమణి

*

నాంపల్లి,
11 ఆగస్టు 1974

ప్రియమైన సుగుణమణికి,

నీ ఉత్తరం అందింది. తొందరపడుతున్నావేమో అనిపిస్తోంది. తుంటి ఎముక కోయడమంటే మాటలు కాదు. మల్లయ్య నెలరోజులు కర్ర పట్టుకుని నడిచాడు. అతను బస్తాల మధ్య పెరిగిన మనిషి, నువ్వు సుకుమారివి. పైగా ఇక్కడ ఈసారి వర్షాలు విపరీతంగా ఉన్నాయి, గాయాలు త్వరగా ఆరవు. ఆరు నెలల సెలవంటే ఉద్యోగం పోవచ్చు. డాక్టరు గారికి కూడా ఇది కొత్త పనే. ఇంకో రెండేళ్లు ఆగితే పద్ధతి కుదుటపడుతుంది. మద్రాసులో ఇంకా మంచి కట్టుడు పళ్లు చేస్తున్నారని విన్నాను.

మా ఇంట్లో అందరూ కులాసా. తమ్ముడికి పరీక్షలు.

ఇట్లు,
కమలకుమారి

*

మెదక్,
24 ఆగస్టు 1974

కమలా,

నువ్వు 'ఇట్లు' అని సంతకం పెట్టడం ఇదే మొదటిసారి.

నేను అడిగింది ఒక్క ప్రశ్న. దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. మూడుసార్లు చదివితే ఒకటే తోచింది. నేను హైదరాబాదు వస్తే మీ ఇంట్లో దిగుతానని నీకు భయం. నిజమే, అలాగే అనుకున్నాను, తప్పు నాదే. కాలేజీ రోజుల్లో మీ అమ్మగారు నాకు మజ్జిగ ఎప్పుడూ అంచు నొక్కుకుపోయిన గ్లాసులోనే ఇచ్చేవారు. ఆ గ్లాసు మిగతా వాటితో కాక కిటికీలో ఉండేది. నేను చూశాను. నేను చూశానని నువ్వూ చూశావు. ఇద్దరం మజ్జిగ బాగుందనే అనుకున్నాం.

మీ ఇంట్లో ఉండనులే. మా రిచర్డ్ అన్నయ్య సికింద్రాబాదులోనే ఉన్నాడు. అక్టోబరు 21న చేరమన్నారు. డాక్టరమ్మ ఉత్తరం రాసేశారు.

చూడటానికి రావాలని లేకపోతే రాకు. వర్షాల్లో ఎందుకు?

సుగుణమణి

*

నాంపల్లి,
22 సెప్టెంబరు 1974

సుగుణా,

గ్లాసు సంగతి నిజం. దాని గురించి నేనెప్పుడూ నోరెత్తలేదు, అదీ నిజం. కానీ నా ఆగస్టు ఉత్తరానికి కారణం అది కాదు. నెలరోజులుగా నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి చించాను. నువ్వు నన్ను తక్కువ తప్పుకే తిట్టావు.

స్టూడియోలో చేరిన రోజున మా యజమాని రాధాకృష్ణమూర్తి గారు ఒక మాట చెప్పారు. "ఇక్కడికి వచ్చిన ముఖం వచ్చినట్టే బయటికి పోకూడదమ్మా. ఉన్నది చూసుకోవడానికి ఇంట్లో అద్దం ఉంటుంది. జనం మన దగ్గరికి వచ్చేది ఫోటో కోసం." నేను కూర్చునే బల్లకు మధ్యలో గాజు పలక, దాని కింద దీపం ఉంటాయి. నెగెటివ్‌లో నీడలుండే చోటు గాజులా తేటగా కనిపిస్తుంది. అక్కడ సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెడితే, కాగితం మీద ఆ నీడ మాయమవుతుంది. కళ్ల కింద గుంటలు అలాగే పూడుస్తాం. లోతు చెంపలూ అలాగే.

ఏప్రిల్‌లో డాక్టరు గారి కవరు మిగతా పనితోపాటు నా పెట్టెలోకి వచ్చింది. ఇద్దరు పెళ్లికూతుళ్లు, రిటైరైన ఒక సూపరింటెండెంటు, ఆయన తర్వాత మల్లయ్య. కింది పెదవి కింద కొత్తగా ఒక నీడ ఉంది. జనవరి ఫోటోలో లేదు. నేను దాన్ని పూడ్చేశాను. ఆలోచించలేదు. పూరీ పిండి చూడగానే అమ్మ చెయ్యి కర్ర వైపు ఎలా పోతుందో అలా పోయింది. రెండు రోజుల తర్వాత కవరు తిప్పి చూస్తే దాని మీద 'దిద్దవద్దు' అని రాసి ఉంది. అప్పటికే కాపీ డాక్టరు గారికి పోయింది. ఏమవుతుందిలే, చిటికెడు నీడ అనుకున్నాను.

జూలైలో మళ్లీ తీశాం. ఈసారి నీడ కాదు, గుంట. పెట్టిన ఎముక లోపల కరిగిపోతోందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మూడు నెగెటివ్‌లు వరసగా దీపం మీద పెడితే చాలు. ఆ ఫోటో ఉన్నదున్నట్టు పంపితే ఏప్రిల్‌లో అంత బాగున్న దవడ ఇప్పుడెలా కూలిందని అడుగుతారు. పాత నెగెటివ్ తీసి చూస్తారు. నా చుక్కలు కనిపిస్తాయి. అందుకని జూలైది కూడా నింపాను. ఈసారి చెయ్యి దానంతట అది పోలేదు. తలుపు వేసుకుని, గంటన్నర కూర్చుని, బాగా చేశాను. నువ్వు మెదక్‌లో చూసి ఏమీ జరగలేదనే అనుకుంటామన్నది దాన్నే.

దిద్దక ముందు మామూలుగా తీసి పెట్టే కాపీలు రెండూ స్టూడియోలో వదలలేక సంచీలో తిప్పాను. అమ్మకు దొరికినవి అవే.

ఇంకొకటి ఉంది. జూలైలో మల్లయ్య వచ్చినప్పుడు ఏప్రిల్ ఫోటో బల్ల మీద ఉంది. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వేలితో తన దవడ తడుముకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "గీ ఫోటుల మంచిగనే ఉన్న గద బిడ్డా. మల్ల పండ్లెందుకు కదుల్తున్నయ్? నేనే ఏదో తప్పు నమిలినట్టున్న. డాక్టర్ సాబుకు జెప్పకు, నా కోసం గంత తిప్పలవడ్డడు." తన నోటి కంటే నా ఫోటోనే నమ్మాడు, సుగుణా. తప్పు చేసినవాడిలా అప్పటి నుంచి డాక్టరు దగ్గరికి పోవడం మానేశాడు. ఫోటోలు మేమే పంపుతాం, అందులో దవడ బాగానే ఉంటుంది, కాబట్టి డాక్టరు గారికి పిలిపించాలని తోచలేదు.

నేను అప్పుడు ఏమన్నానో తెలుసా? "తల కొంచెం ఎడమకు తిప్పండి" అన్నాను.

నీ ఉత్తరంలో పిల్లల సంగతి చదివి ఆ రోజు అన్నం తినలేదు. పిన్ని మళ్లీ ప్రేమే అంది. వాళ్లను అలా అనుకోనివ్వడమే తేలికని ఊరుకున్నాను. నీకు నిజం చెప్పలేక వానల గురించి రాశాను.

దిద్దక ముందువీ, దిద్దాకవీ నాలుగు కాపీలు దీనితో పంపుతున్నాను. కిటికీ దగ్గర పెట్టి చూడు.

కమల

*

మెదక్,
1 అక్టోబరు 1974

కమలకుమారి గారికి,

ఫోటోలు అందాయి. చూశాను.

'నువ్వు' అనడానికి చెయ్యి రాలేదు కాబట్టి పైన అలా రాశాను. కానీ 'మీరు' అంటూ నాలుగు వాక్యాలు రాసేసరికి నాకే నవ్వొచ్చింది. కాగితం మార్చాను. పైన పిలుపు మాత్రం అలాగే ఉంచాను. కోపం పోలేదని నీకు తెలియాలి.

ఎముక కరుగుతుందంటే నాకు కొత్త భయమేమీ లేదు. మల్లయ్యకు కరిగింది, నాకు కరగకపోవచ్చు. కరిగినా, ఒక మూడేళ్లు చెయ్యి అడ్డం లేకుండా పాఠం చెప్పగలిగితే చాలని నేను అనుకోవచ్చు. వద్దులే, తుంటి నా దగ్గరే ఉండనీ అనుకోవచ్చు. ఆ ఆలోచన నేను చేయాలి. నీ పెన్సిల్ ఒకసారి నా బదులు ఆలోచించింది. నీ వానలు రెండోసారి ఆలోచించాయి. మొదటి దానికంటే రెండోదే నాకు ఎక్కువ నొప్పిగా ఉంది. అది తెలిసి చేశావు, నన్నే చూస్తూ చేశావు.

మా నాన్నగారు క్షమించడం గురించి ప్రతి ఆదివారం చెబుతారు. నేను ముందు బెంచీలోనే కూర్చుని వింటాను. ఈ వారం చెవికెక్కలేదు.

నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నీ బల్ల, నీ దీపం, నీ చెయ్యి, మీ అమ్మగారి పూరీ కర్ర, అన్నీ ఉన్నాయి. డాక్టరు గారికి చెప్పానన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నాకు చెప్పడం తేలిక. నేను ఎంత కోప్పడినా నీదాన్నేనని నీకు తెలుసు. ఆయనకు చెప్పావా? ఆ నాలుగు ఫోటోలు ఒక్క మెదక్‌కే పంపారా? నిజామాబాదుకు, వరంగల్లుకు పంపలేదా? అక్కడ ఎంతమంది అద్దాలు గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారో, వాళ్లకు నీలాంటి స్నేహితురాలు ఉందో లేదో.

21వ తేదీ నేను మార్చలేదు. నిజం చూశాక కూడా ఆయన నాకు చేస్తానంటే, ఎంత నిలుస్తుంది, ఎందుకు కరిగింది, ఈసారి వేరేగా ఏం చేస్తారు అని అడుగుతాను. జవాబు నచ్చితే పడుకుంటాను, లేకపోతే లేచి వస్తాను. ఆయన చూడకుండానే కోస్తే, ఆ కత్తి ఒక పక్క నువ్వు పట్టుకున్నట్టే.

సుగుణమణి

*

నాంపల్లి,
12 అక్టోబరు 1974

సుగుణా,

చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా చెప్పే ఉద్దేశం కూడా లేదు. నువ్వొక్కదానివి తప్పుకుంటే చాలనుకున్నాను.

ముందు మా యజమానికి చెప్పాను. రాధాకృష్ణమూర్తి గారు బందరు మనిషి, గొంతు పెంచరు. తలుపు దగ్గరగా వేసి, "తప్పు ఎవరు చెయ్యరమ్మా" అన్నారు. తర్వాత ఉపాయం చెప్పారు. ఇప్పటికి ఊరుకోవాలి. ఈ నెలలో తీసే ఫోటోను దిద్దకుండా పంపాలి. ఎముక ఇప్పుడిప్పుడే కరిగినట్టు ఉంటుంది, పాతవి ఎవరూ అడగరు. ఎంత సులువుగా ఉందో. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. అలా లేచి వచ్చినందుకు రెండు రోజులు ఎవరి ముఖమూ చూడలేకపోయాను. ఆ ఫోటో డాక్టరు గారికి అందేలోపల నువ్వు వచ్చి ఆసుపత్రిలో చేరిపోతావు కదా.

ఇంట్లో చెప్పాను. అమ్మ మొదట ఊపిరి పీల్చుకుంది, ప్రేమ కాదు కదా అని. తర్వాత ఏడ్చింది, పెళ్లికెదిగిన పిల్ల మీద ఇలాంటి మాట వస్తే ఎలా అని. నాన్నగారు సచివాలయం మనిషి, ఆయన మార్గం ఆయనకుంది. డాక్టరు గారికి ఒక ఆకాశరామన్న ఉత్తరం పడెయ్యమన్నారు. 'ఫోటోలు దిద్దినవి, విచారించుకోండి' అని రాస్తే నిజమూ చేరుతుంది, మన పేరూ రాదు. నేను రాశాను. దస్తూరి తెలియకుండా ఎడమ చేత్తో రాశాను. రాసింది చూసుకుంటే, ఆ అక్షరాలు జూలై నెగెటివ్ మీద చుక్కల కంటే శ్రద్ధగా ఉన్నాయి. పొయ్యిలో పెట్టాను.

నిన్న ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. మల్లయ్య కందుల తూకం దగ్గర ఉన్నాడు. పళ్ల వరసను నాలుకతో అదిమి పట్టుకుని మాట్లాడుతున్నాడు, అంటే నువ్వు మాట్లాడినట్టే. మొత్తం చెప్పాను. ఆరు బస్తాలు తూచేదాకా నా వైపు చూడలేదు. తర్వాత కాటా పక్కకు జరిపి అన్నాడు, "అయితె తప్పు నా నోటిది గాదన్నట్టు. ఆర్నెల్ల సంది బువ్వ మింగుతున్న బిడ్డా, నమలకుంట. ఇంటిదానిక్కూడ జెప్పలే."

తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు. నన్ను కూర్చోమనీ అనలేదు. పక్కనున్న హమాలీ ఎవరీమె అని అడిగితే, "ఫోటోలామె. నా మూతి మంచిగ జేసింది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వులు ఆగేదాకా అక్కడే ఉన్నాను. వెళ్లబోతూ, డాక్టరు దగ్గరికి నాతో వస్తారా అని అడిగాను. ఎప్పుడన్నాడు. చెప్పాను. "ఒస్త. నువ్వు జెప్తె నేను నోరు దెరుస్త" అన్నాడు.

ఈ రోజు మధ్యాహ్నం టర్పెంటైన్‌లో ముంచిన దూదితో ఏప్రిల్, జూలై నెగెటివ్‌లు తుడిచాను. పెన్సిల్ అంతా పోయింది. మళ్లీ కాపీలు తీశాను. రాధాకృష్ణమూర్తి గారు చూస్తూనే ఉన్నారు. సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు.

సోమవారం పదిన్నరకు మల్లయ్యతో డాక్టరు గారి గదిలోకి వెళ్తున్నాను. దిద్దింది నేనని చెప్పి, ఫోటోలు ఏయే ఊళ్లకు పంపారో ఆ జాబితా అడుగుతాను. కొత్త కాపీలు నా పేరుతో, నా ఇంటి చిరునామాతో నేనే పంపుతాను.

కమలకుమారి